అతుకు లేని రాతి ఇల్లు: నాయనతో బాదామి ప్రయాణం

మొదటి రోజు: కర్నూలు నుంచి బాదామి

మా నాయన ముప్పై ఏళ్లకు పైగా బేతంచెర్ల బండల గనుల్లో పనిచేశాడు. నాపరాయిని పొర పొరగా లేపి, అంచులు కొట్టి, ఇంటి నేలకు సరిపడే బండలు చేసే పని. మా చిన్నప్పుడు సాయంత్రం ఆయన గడపలో కాలు పెట్టేసరికి కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేది. శివరాత్రికి ఆలంపురం వెళ్తే మేమందరం జోగులాంబ దర్శనానికి వరుసలో నిలబడేవాళ్లం. నాయన మాత్రం నవబ్రహ్మ గుళ్ల గోడలు తడుముతూ తిరిగేవాడు. "వీటిని కట్టినోళ్లు యాడి నుంచి వచ్చినారు పాపా?" అని ఒకసారి అడిగాడు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. పుస్తకంలో ఉన్నది చెప్పాను: బాదామి చాళుక్యులు అని. "అయితే ఆ బాదామి ఒకసారి చూడాల" అన్నాడు.

ఆ మాట అన్న ఇరవై రెండేళ్లకు, ఈ సంక్రాంతి సెలవుల్లో, ఇద్దరం బయలుదేరాం. నాయనకు ఇప్పుడు అరవై ఎనిమిది. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో అంత తొందరగా వదలదు. అమ్మ వద్దంది. నాయన మాత్రం మూడు రోజుల ముందే సంచి సర్దుకుని కూర్చున్నాడు.

తెల్లవారుజామున కర్నూలులో బస్సెక్కి, మంత్రాలయం మీదుగా రాయచూరు చేరి, అక్కడ కర్ణాటక బస్సు పట్టుకున్నాం. లింగసుగూరు, ముద్గల్, ఇల్కల్, హునగుంద. ఇల్కల్‌లో బస్సు ఆగినప్పుడు అమ్మకు ఒక చీర కొన్నాను. అమీనగడలో నాయన కరదంటు పొట్లం కొనుక్కున్నాడు, బెల్లం, జీడిపప్పు, బంక వేసి చేసే మిఠాయి. దారి పొడవునా నల్లరేగడి నేలలు. జొన్న కంకి వేసి ఉంది, పక్కన శనగ, కుసుమ. రాయచూరు దాటినా పొలం మాత్రం మన పొలంలాగే ఉంది.

సాయంత్రానికి బాదామి. ఊరికి దగ్గర్లోనే బనశంకరి అమ్మవారి జాతర జరుగుతోంది. ఆ అమ్మవారు చాళుక్యులు కొలిచిన దేవత. పుష్య పౌర్ణమికి మొదలయ్యే ఈ జాతర వారాల తరబడి సాగుతుందట. గదుల కోసం గంటసేపు తిరిగితే చివరికి బస్టాండ్ వెనక ఒక చిన్న లాడ్జిలో చోటు దొరికింది. పక్కనే ఒక ఖానావళి. జొన్న రొట్టె, వేరుశనగ పొడి, ఎణ్ణెగాయి పెట్టారు. ఎణ్ణెగాయి అంటే మన గుత్తి వంకాయే. నాయన మూడు రొట్టెలు తిన్నాడు. ఇంట్లో ఈ మధ్య ఒకటిన్నర దాటడం లేదు.

రెండో రోజు: నాలుగు గుహలు

పొద్దున లాడ్జి మేడ మీద నుంచి చూస్తే ఊరు అర్థమైంది. రెండు ఎర్రటి కొండలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. మధ్యలో అగస్త్య తీర్థం అనే చెరువు. చెరువుకు అవతలి ఒడ్డున భూతనాథ ఆలయం. ఈ ఊరి పాత పేరు వాతాపి. పసిపిల్లలకు పాలు పట్టాక పొట్ట నిమురుతూ మన ఇళ్లలో అంటారే, "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అని, ఆ వాతాపే ఇది. మేకగా మారి అతిథుల కడుపులోకి వెళ్లి, అన్న ఇల్వలుడు పిలిస్తే పొట్ట చీల్చుకుని బయటకు వచ్చే రాక్షసుణ్ని అగస్త్యుడు జీర్ణం చేసుకున్న కథ. ఆ ఇద్దరు రాక్షసులే ఈ రెండు కొండలని ఊళ్లో చెబుతారు. మా నాయనమ్మ నా పొట్ట మీద చెయ్యి తిప్పుతూ అన్న పేరు ఒక ఊరి పేరని, దాని నీళ్లు ఇలా కళ్ల ముందు మెరుస్తాయని నేను ఎప్పుడూ ఊహించలేదు.

గుహలు దక్షిణం వైపు కొండలో ఉన్నాయి. ముఖం ఉత్తరానికి. చలికాలం ఎండ నేరుగా లోపలికి రాదు. ఎదుటి కొండ మీద పడిన ఎండ ఆ ఎరుపును ఇటు విసురుతుంది. ఆ వెలుతురులో గుహ లోపల రాయి కుంకుమ కలిపిన పసుపులా కనిపిస్తుంది. ఫ్లాష్‌తో తీసిన ఫోటోల్లో ఈ రంగు చచ్చిపోతుంది. కాబట్టి ఫోన్ సంచిలో పెట్టేసి కళ్లతోనే చూశాను.

మొదటి గుహ శివుడిది. మెట్లు ఎక్కగానే కుడివైపు బండ మీద పద్దెనిమిది చేతుల నటరాజు. ఎత్తు ఐదు అడుగులే అయినా ఆ చేతుల వల్ల బండంతా కదులుతున్నట్టు ఉంటుంది. ఎడమ వైపు చేతులు తొమ్మిది, కుడి వైపు తొమ్మిది. ఏ ఎడమ చేతిని ఏ కుడి చేతితో కలిపి చూసినా ఒక నృత్య భంగిమ వస్తుందని, మొత్తం ఎనభై ఒకటని అక్కడి గైడ్లు చెబుతారు. పక్కన వినాయకుడు, నంది. మరోపక్క ద్వారపాలకుడి కింద ఎద్దు, ఏనుగు ఒకే తలను పంచుకున్న శిల్పం ఉంది. ఒకవైపు శరీరాన్ని చేత్తో మూసి చూస్తే ఎద్దు, రెండో వైపు మూసి చూస్తే ఏనుగు. బడి పిల్లలు గుంపుగా వచ్చి చేతులు అడ్డం పెట్టి అరుస్తున్నారు.

నాయన నటరాజు ముందు ఎక్కువసేపు ఆగలేదు. వసారాలోకి వెళ్లి తల ఎత్తి పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత స్తంభం దగ్గరకు వెళ్లి, స్తంభం నేలను తాకే చోట వేలు పెట్టి చుట్టూ తిరిగాడు. తర్వాత స్తంభం పైకప్పును కలిసే చోటు చూశాడు.

"ఈడ అతుకు యాడుందో చెప్పు" అన్నాడు.

"లేదు నాయనా. అంతా ఒకటే కొండ."

"అదే చెప్తాండ. మేము బండను కొండ నుంచి ఊడదీసి బయటికి తెస్తాం. వీళ్లు పనికిరానిదంతా బయట పడేసి, కావలసినది ఆడనే పెట్టుకున్నారు."

గుహాలయాల గురించి నేను చదివినదంతా ఆయన ఆ రెండు వాక్యాల్లో చెప్పేశాడు. మామూలు గుడి పునాది నుంచి పైకి లేస్తుంది. గుహాలయం పైకప్పు నుంచి కిందికి దిగుతుంది. ముందు కొండ ముఖాన్ని నిలువుగా, గోడలా చెక్కుతారు. పైకప్పు ఎక్కడ రావాలో ఆ ఎత్తున లోపలికి తొలుచుకుంటూ వెళ్తారు. పైకప్పు తయారయ్యాక కిందికి దిగుతారు. స్తంభాలు రావలసిన చోట రాయిని ముట్టుకోకుండా వదిలేస్తారు. నేల చివరిది. అందుకే పరంజా అక్కర్లేదు. పనివాడు నిలబడిన రాయే అతని పరంజా. రోజులు గడిచేకొద్దీ అది కిందికి దిగుతుంది. మామల్లపురంలోనూ, మన ఉండవల్లిలో అన్నింటికన్నా కింది అంతస్తులోనూ పూర్తికాని పని మిగిలి ఉంది. అవి చూస్తే ఈ వరస ఇంకా బాగా తెలుస్తుంది.

రాయి సంగతి కూడా నాయనే పట్టుకున్నాడు. ఇది ఇసుకరాయి. పొరలు పొరలుగా ఉంది, గోడల మీద, స్తంభాల మీద ఎరుపు, గులాబీ, తెలుపు చారలు అడ్డంగా సాగిపోతాయి. గుహ పైకప్పు చదునుగా ఉండటం చూసి, "పొర చూసుకుని పైకప్పు పెట్టుకున్నట్టుంది. పొర మధ్యలో పెట్టింటే ఎప్పుడో పెళ్లలు ఊడేవి" అన్నాడు. బేతంచెర్లలో నాపరాయి తియ్యాలన్నా మొదటి పాఠం అదేనట, రాయి ఎక్కడ విడిపోవాలని అనుకుంటోందో కనుక్కోవడం.

లోపల హరిహరుడు, శివభక్తుడు భృంగితో కలిసి అర్ధనారీశ్వరుడు, మహిషాసురమర్దిని ఉన్నారు. పైకప్పులో చుట్టలు చుట్టుకున్న నాగరాజు. వెనక గోడలో చిన్న గర్భగుడి, అందులో లింగం. స్తంభాలు కింద సగం నలుపలకలు, పైన గుండ్రంగా నిలువు గాళ్లతో, ఆ పైన మెత్త అణిచిపెట్టినట్టు ఉబ్బిన తల. గుహ అడుగు అరుగు, అంటే అధిష్ఠానం పొడవునా శివుడి పరివారమైన పొట్టి గణాలు వరసగా ఆడుతూ, పాడుతూ, ఒకరినొకరు తోసుకుంటూ ఉన్నారు. పెద్ద దేవుళ్లను చెక్కేటప్పుడు శిల్పికి శాస్త్రం ఉంది, కొలతలు ఉన్నాయి. గణాల దగ్గర చేతికి స్వేచ్ఛ దొరికినట్టుంది. ఒక్కొక్క ముఖం ఒక్కో రకం.

రెండో గుహకు మెట్ల మీద నాయన రెండుసార్లు కూర్చున్నాడు. కోతులు మా నీళ్ల సీసా కోసం చుట్టూ చేరితే అక్కడ వేరుశనగలు అమ్మే ఆయన కర్ర చూపించి తరిమాడు. రెండో గుహ విష్ణువుది. భూదేవిని ఎత్తుతున్న వరాహం, ఆకాశం మీదికి కాలు చాచిన త్రివిక్రముడు ఇక్కడ చూడాలి. పైకప్పులో ఒక చక్రం ఉంది. దాని ఆకులు, అంటే మధ్య నుంచి అంచుకు వెళ్లే కమ్మీలు, పదహారు చేపలు. ఇక్కడ త్వరగా ముగించాం. మూడో గుహకు బలం దాచుకోవాలని నేనే తొందరపెట్టాను. రెండో గుహకూ మూడో గుహకూ మధ్య మనిషి చెక్కని మామూలు కొండగుహ ఒకటి ఉంది. చెక్కిన గుహలు చూసిన వెంటనే దాన్ని చూస్తే, మిగతా కొండ నుంచి వాళ్లు ఎంత రాయి తీసేశారో కడుపులో తెలుస్తుంది.

మూడో గుహ దగ్గర మాత్రం మధ్యాహ్నం దాకా కదలలేదు.

ఈ నాలుగింటిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. తేదీ ఉన్నది కూడా ఇదొక్కటే. వసారా పొడవు డెబ్బై అడుగులు. లోపలి అర్ధస్తంభం మీది సంస్కృత శాసనం ప్రకారం చాళుక్య రాజు కీర్తివర్మ పన్నెండో పాలనా సంవత్సరంలో, శక సంవత్సరం 500లో, కార్తిక పౌర్ణమినాడు, అతని తమ్ముడు మంగళేశుడు ఈ మహావిష్ణు గృహాన్ని పూర్తి చేయించాడు. అంటే క్రీ.శ. 578. మన దేశంలో ఇంత కచ్చితంగా ఏడాది తెలిసిన తొలి హిందూ గుహాలయాల్లో ఇది ఒకటి. మిగతా ఎన్నో గుహల వయసును దీనితో పోల్చి లెక్క వేశారు.

దగ్గర్లోనే ఒక చిన్న కన్నడ శాసనం ఉంది. కన్నడంలో మనకు దొరికిన అతి పాత శాసనాల్లో అదొకటి. మంగళేశుడి 'కల్మనె'కు ఒక ఊరిని ఇచ్చినట్టు, దేవుడికి పూలు కట్టే మాలాకారులకు అందులో భాగం ఏర్పాటు చేసినట్టు అందులో ఉంది. కల్ అంటే రాయి, మనె అంటే ఇల్లు. నేను అర్థం చెప్పగానే నాయన ముఖం వెలిగింది.

"రాతి ఇల్లు అనే రాసినారా? గుడి అని రాయలేదా?"

"రాతి ఇల్లు అనే."

అప్పటి నుంచి ఆయన దాన్ని ఇల్లుగానే చూశాడు, నాకూ అలాగే చూపించాడు. పుస్తకాలు ముఖమండపం అంటాయి, ఆయన వసారా అన్నాడు. సభామండపం నట్టిల్లు. గర్భగుడి దేవుడి గది. ముందుకు వంగిన రాతి కపోతం చూరు. ఆ చూరు కిందికి వెళ్లి తల ఎత్తమన్నాడు. అడుగు భాగంలో వరసగా పక్కటెముకల్లాంటి గీతలు చెక్కి ఉన్నాయి.

"వాసాలు" అన్నాడు.

నిజంగా వాసాలే. గడ్డి ఇంటి చూరు కింద కనిపించే వాసాల వరస. వసారా పైకప్పులో స్తంభం నుంచి గోడకు దూలాలు ఉన్నాయి. వాటి మధ్య పైకప్పు గదులు గదులుగా విడిపోయి ఉంది. మా పాత మిద్దెలో కూడా ఇంతే. కర్ర దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద బండలు, ఆపైన చౌడు మట్టి. ఆ మిద్దెలో దూలం తీసేస్తే కప్పు కూలుతుంది. ఇక్కడ దూలం మోసే బరువేమీ లేదు. పైన కొండ మొత్తం ఉంది, అది తనను తానే మోసుకుంటోంది. దూలం చెక్కకుండా పైకప్పును చదునుగా వదిలేస్తే పని తగ్గేది.

"మరి ఎందుకు చెక్కినారంటావ్?" అని నేనే అడిగాను.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. వసారా అంచున కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. తర్వాత అన్నాడు: "దూలం లేని ఇల్లు ఇల్లు మాదిరి ఉండదు గదా. కొండలో బొక్క మాదిరి ఉంటాది. దేవుణ్ని ఇంట్లో పెట్టాలనుకున్నారు."

రాతి వాస్తు చరిత్ర రాసినవాళ్లు దీన్నే కర్ర కట్టడాల అనుకరణ అంటారు. కొయ్యతో కట్టిన ఇళ్లు, గుళ్లు, మండపాలు అంతకు ముందు ఎన్నో ఉండేవి. అవి చెదలు పట్టి, కాలిపోయి, వానకు నాని పోయాయి. వాటి రూపం రాతిలో నిలిచింది. అనుకరణ అనే మాట నాకు మొదటి నుంచీ నచ్చదు. కొత్తగా ఆలోచించడం రాక పాతదాన్ని దించుకున్నట్టు వినిపిస్తుంది. నాయన చెప్పిన కారణమే నాకు సరైనదిగా తోస్తుంది. స్తంభాల పైన బోదెల మీద చెట్టు కింద నిలబడిన దంపతులు ఉన్నారు చూడండి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, ఒక చోట మత్తులో తూలుతున్న భార్యను భర్త పట్టుకుని. ఇంట్లోకి వచ్చేవాళ్లకు ఎదురయ్యేది మనుషులే.

వసారాకు ఒక చివర శేషుడి చుట్టల మీద కూర్చున్న విష్ణువు, పడగలు తల మీద గొడుగు. పడుకున్న అనంతశయనుణ్ని ఉండవల్లిలో చూసి అలవాటైన మనకు కూర్చున్న స్వామి కొత్తగా అనిపిస్తాడు. పక్కనే వరాహమూర్తి. ఇంకొక చివర నరసింహుడు. మాది అహోబిలం దగ్గర. మాకు నరసింహుడంటే ఎగువ అహోబిలం గుహలో హిరణ్యకశిపుణ్ని చీలుస్తున్న ఉగ్రమూర్తి. ఇక్కడ ఆయన ఒక పక్కకు ఒరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ప్రశాంతంగా నిలబడి ఉన్నాడు. పెదవుల మీద నవ్వు ఉంది. నాయన చెప్పులు లేని పాదాలతో ఆ మూర్తి ముందు నిలబడి దండం పెట్టుకున్నాడు. పూజ లేని గుడిలో ఎవరైనా దండం పెడుతుంటే చూడటం నాకు అదే మొదటిసారి. గర్భగుడి ఇప్పుడు ఖాళీ.

"ఈ ముక్కు చూడు" అన్నాడు దండం పెట్టుకున్నాక. "నా పనిలో బండ విరిగితే ఇంకో బండ తీసుకుంటాం. ఈయన ముక్కు కొట్టేటప్పుడు ఉలి జారింటే? ఇంకో రాయి యాడిది?"

వసారా మొత్తం ఒకటే రాయి అని తెలుసు. కానీ ఒక్క దెబ్బ తప్పు పడితే ఆ కొండ మొత్తానికి మచ్చ అని, నెలల తరబడి తొలిచిన పని ఆ దెబ్బ మీద ఆధారపడి ఉండేదని, ఆ మాట విన్నాకే నాకు గుండెకు తాకింది. విష్ణువు భుజం మీద, వరాహం మెడ దగ్గర రాతి చారలు సహజంగా సాగిపోతున్నాయి. ఆ చారలను మార్చే వీలు లేదు, ఎక్కడ ఏ రంగు బయటపడుతుందో చెక్కేదాకా తెలియదు. అయినా వెనక్కి తగ్గలేదు.

చూరు లోపలి వంపులో వెలిసిపోయిన రంగుల చిత్రాల ఆనవాళ్లు ఉన్నాయి. హిందూ ఆలయాల్లో మిగిలిన అతి పాత చిత్రాల్లో వీటిని లెక్కిస్తారు. చాలా కష్టపడి చూస్తే ఒకటి రెండు ఆకారాలు తెలుస్తాయి. ఆనాడు ఈ గుహ ఇలా ఒట్టి రాయిగా ఉండేది కాదన్నమాట. రంగులు, పూలదండలు, దీపాలు. పూలు కట్టేవాళ్లకు ఊళ్లో భాగం రాసిచ్చిన సంగతి అందుకే నాకు అంతగా నచ్చింది.

నాలుగో గుహ జైనులది. పైన, ఒక మూలగా, చిన్నది. పార్శ్వనాథుడు, తీగలు అల్లుకున్న బాహుబలి, గోడల నిండా తీర్థంకరులు. అక్కడి నుంచి చెరువు మొత్తం కనిపిస్తుంది. నాయన కిందే ఉండిపోయాడు, నేను ఒక్కదాన్నే ఎక్కి వచ్చాను.

సాయంత్రం ఎదుటి కొండ వైపు నడిచాం. మొదటి పులకేశి ఈ కొండను కోటగా చేసినట్టు చెప్పే శాసనం అక్కడి బండ మీద ఉంది. శక సంవత్సరం 465, అంటే క్రీ.శ. 543. ఊరి కథ రాతి మీద అక్కడ మొదలవుతుంది. వంద ఏళ్లకు, క్రీ.శ. 642 ప్రాంతంలో, పల్లవ నరసింహవర్మ రెండో పులకేశిని ఓడించి ఈ నగరాన్ని పట్టుకున్నాడు. తన శాసనాన్ని కూడా ఇక్కడి బండ మీదే వేయించాడు. గెలిచినవాడు, ఓడినవాడు ఇద్దరూ ఒకే ఊరి రాళ్ల మీద మాట్లాడుతున్నారు. కోట దాకా ఎక్కే శక్తి నాయనకు లేదు. కొండ పాదం దగ్గర మ్యూజియంలో, సంతానం కోసం కొలిచే దేవత లజ్జాగౌరి శిల్పం చూసి వెనక్కి వచ్చేశాం. అలాంటి లజ్జాగౌరి ఆలంపురం మ్యూజియంలో కూడా ఉంది. నాయన చూడగానే గుర్తుపట్టాడు.

మూడో రోజు: ఐహొళె, పట్టదకల్లు

ఆటో మాట్లాడుకున్నాం. దారిలో మహాకూటలో ఆగి, ఊట నీటి పుష్కరిణిలో ముఖం కడుక్కుని ఐహొళెకు వెళ్లాం. అక్కడ వందకు పైగా గుళ్లు ఉన్నాయి. అన్నీ చూడాలంటే వారం కావాలి. దుర్గ గుడి వెనక భాగం ఏనుగు వెనక భాగంలా గుండ్రంగా ఉంటుంది. అక్కడ దుర్గమ్మ పేరు వల్ల కాదు, కోట పక్కన ఉండటం వల్ల, అంటే దుర్గం వల్ల ఆ పేరు వచ్చింది. ఆ గుళ్ల మధ్య అరగంట తిరిగి, మేం వచ్చిన పని చూసుకున్నాం. అది రావణ ఫడి.

ఊరి బయట, ఒక పెద్ద బండలో ఉంది ఈ గుహ. ఆరో శతాబ్దం పని. ముందు ఆరుబయట నంది కూర్చుని లోపలి లింగాన్ని చూస్తోంది. రావణుడికీ దీనికీ సంబంధం ఏమీ లేదు, ఇది శివాలయం. బాదామి మూడో గుహతో పోలిస్తే చిన్నది, చూరు లేదు, దంపతులు లేరు. కానీ లోపలికి వెళ్లగానే ఎడమవైపు గదిలో పది చేతుల శివుడు నాట్యం చేస్తున్నాడు. చుట్టూ పార్వతి, వినాయకుడు, కుమారస్వామి, సప్తమాతృకలు. అందరూ సన్నగా, పొడుగ్గా, ఎత్తైన కిరీటాలతో. వాళ్ల బట్టల మడతలు సన్నటి గీతల్లా ఒకదాని పక్కన ఒకటి దిగుతాయి. అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకునేటప్పుడు కనిపించే మడతలు. బాదామి విష్ణువుకు గాంభీర్యం ఉంది. ఈ మాతృకలకు లయ ఉంది, కాళ్ల కింద నేల కదులుతున్నట్టు నిలబడ్డారు.

ఇంకో చోట శివుడి తల మీదికి గంగ దిగుతోంది, మూడు తలలతో. పక్కన భగీరథుడు ఎముకలు తేలిన శరీరంతో తపస్సు చేస్తున్నాడు. గర్భగుడి ముందు మహిషాసురమర్దిని, వరాహం. అక్కడ మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. నాయన చిన్నగా దగ్గితే గుహంతా తిరిగి పలికింది. ఆయన ఆ శబ్దం విని ఇంకోసారి, ఈసారి కావాలని, "శివా" అన్నాడు. గుహ కూడా అంది.

మేగుటి కొండ మీది జైన ఆలయానికి నేను ఒక్కదాన్నే పరుగులాంటి నడకతో ఎక్కాను. అక్కడి గోడ మీద కవి రవికీర్తి రాసిన శాసనం ఉంది, శక సంవత్సరం 556, అంటే క్రీ.శ. 634-35. రెండో పులకేశి నర్మద దగ్గర హర్షుణ్ని ఆపిన సంగతి చెప్పే శాసనం అదే. అందులో మన ఊళ్లు కూడా ఉన్నాయి. పిష్టపురం, అంటే పిఠాపురం కోటను పట్టుకున్నాడని, కునాల సరస్సు, అంటే కొల్లేరు, యుద్ధంలో రక్తంతో ఎర్రబడిందని అందులో ఉంది. ఆ తర్వాత పులకేశి తన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుణ్ని వేంగికి పంపాడు. ఆ తమ్ముడి వంశమే వేంగి చాళుక్యులు. నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుడు ఆ వంశం వాడే. ఆ బండ గోడ ముందు నిలబడి, ఆ అక్షరాలు చదవడం రాకపోయినా, పిఠాపురం పేరు ఎక్కడ ఉందో వెతుక్కున్నాను. మన నేలను గెలవడానికి వచ్చినవాళ్లు కాలక్రమంలో మన భాషకు అండ అయ్యారు. కొల్లేరు ఎర్రబడిన మాట కూడా అంతే నిజం. రెండూ కలిపే గుర్తుపెట్టుకోవాలని నాకు అనిపిస్తుంది.

పట్టదకల్లు గురించి చాలామంది రాశారు కాబట్టి నేను క్లుప్తంగా చెబుతాను. మలప్రభ ఒడ్డున, 1987 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న గుళ్ల సముదాయం. చాళుక్య రాజు రెండో విక్రమాదిత్యుడు పల్లవుల కాంచీపురంలోకి గెలిచి ప్రవేశించాడు. అక్కడి కైలాసనాథ ఆలయాన్ని దోచుకోకుండా, అక్కడే కన్నడ శాసనం వేయించి వచ్చాడు. ఆ విజయానికి గుర్తుగా రాణి లోకమహాదేవి కట్టించినదే ఇక్కడి విరూపాక్షాలయం. దాన్ని కట్టిన స్థపతి, అంటే ప్రధాన శిల్పి పేరు శాసనంలో ఉంది: గుండ. అనివారితాచార్య అనే బిరుదు ఇచ్చి, పట్టం కట్టి గౌరవించారు.

"పనోడి పేరు రాసినారా?" అని నాయన రెండుసార్లు అడిగాడు. గోడను చేత్తో నిమిరాడు. ఆయన కొట్టిన బండలు ఎన్ని వేల ఇళ్లలో ఉన్నాయో ఆయనకే తెలియదు.

బాదామి గుహలకూ విరూపాక్షానికీ మధ్య నూట అరవై ఏళ్ల పని ఉంది. కొండలో తొలిచిన ఇల్లు కొండ బయటికి వచ్చి, విడి రాళ్లతో నిలబడటం నేర్చుకుంది. అదే రకం స్తంభం, అదే చూరు, అవే గణాలు. ఇప్పుడు దూలం నిజంగానే బరువు మోస్తోంది. పాపనాథ ఆలయం శిఖరం దూరం నుంచి కనిపించగానే నాయన ఆగి, "ఇది మన ఆలంపురం" అన్నాడు. నిజమే, ఆలంపురం బ్రహ్మ గుళ్ల శిఖరాలకు తోబుట్టువే అది. గుళ్ల వెనక మలప్రభలో నీళ్లు తక్కువే. ఆ నీళ్లు కూడలసంగమంలో కృష్ణలో కలిసి, కృష్ణతో పాటు మన వైపే వస్తాయి.

నాలుగో రోజు: ఆలంపురం

చీకటితోనే బస్సెక్కాం. రాయచూరు, అక్కడి నుంచి గద్వాల. నేరుగా ఇంటికి వెళ్లేవాళ్లమే. గద్వాల దాటాక నాయన, "చౌరస్తాలో దిగుదాం" అన్నాడు. ఆలంపురం చౌరస్తాలో దిగి ఆటోలో వెళ్లేసరికి నాలుగైంది.

స్వర్గబ్రహ్మ ఆలయం చుట్టూ ఒకసారి తిరిగాం. బాదామి నుంచి వచ్చిన కళ్లతో చూస్తే ప్రతి మూలా తెలిసినదే. చాళుక్య రాజు వినయాదిత్యుడి కాలంలో, అంటే క్రీ.శ. 681-696 మధ్య కట్టిన గుడి. కానీ నాయన అక్కడ ఆగలేదు. కూడవెల్లి సంగమేశ్వరాలయం దగ్గరకు తీసుకెళ్లాడు.

అది కూడా చాళుక్యుల గుడే. తుంగభద్ర కృష్ణలో కలిసే చోట, కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి, తెచ్చి, ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. చిన్నప్పుడు ఎన్నిసార్లు వచ్చినా నాకది ఇంకొక పాత గుడి మాత్రమే.

"ఆ రాతి ఇంటిని ఇట్ల తేలేరు" అన్నాడు నాయన. "కొండతోనే ఉండాల, కొండతోనే పోవాల. దీనికి అతుకులు ఉన్నాయి కాబట్టి విప్పగలిగినారు."

తర్వాత గోడ దగ్గరకు వెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని, రెండు రాళ్లు కలిసే గీత మీద గోరు పెట్టి మెల్లగా లాగుతూ నడిచాడు. విప్పినప్పుడు రాళ్లకు నంబర్లు వేసి ఉంటారు, ఏదో ఒక మూల ఒకటైనా మిగిలి ఉంటుందని వెతుకుతున్నాడు. నేను ఇల్కల్ చీర సంచి, కరదంటు పొట్లం పట్టుకుని ఆయన వెనకే తిరిగాను. కాపలాదారు గేటు వేసే వేళైందని పిలిచేదాకా ఆయన గోరు ఆ గీత మీదే ఉంది.